పేరెంటింగ్ క్లాసులు తెలుగులో అడగాలా, ముందు ఇంగ్లీష్ నేర్చుకోవాలా?

ఫ్రిస్కో అమ్మ:
మా పక్కింటి అమ్మాయి గుంటూరు నుంచి అమెరికాకి కొత్తగా వచ్చింది. బాబుకి రెండున్నరేళ్లు, మాటలు రావట్లేదు. డాక్టర్ ఇంగ్లీష్ కాగితాలు చేతిలో పెట్టి పంపారు. భర్త ఆఫీసు నుంచి వచ్చేదాకా అవి టేబుల్ మీదే! ఇలాంటి తల్లుల కోసం తెలుగులో క్లాసులు పెట్టమని అడుగుదామా, ఇంగ్లీష్ నేర్చుకోమందామా?

ఎడిసన్ నాన్న:
ఇంగ్లీష్ నేర్చుకోవాల్సిందే. చాలా లైబ్రరీల్లో ఉచితంగానే నేర్పుతారు. పైగా 2025 మార్చిలో ఇంగ్లీషే అధికార భాష అంటూ ట్రంప్ ఉత్తర్వు ఇచ్చి, ఇంగ్లీష్ రానివాళ్లకి భాషా సహాయం గురించి 2000లో క్లింటన్ తెచ్చిన ఉత్తర్వును రద్దు చేశారు. ఇక ఎవరిని అడుగుతారు?

ఐఈపీ అమ్మ:
పోయింది ఉత్తర్వే, చట్టాలు కాదు. ప్రభుత్వ నిధులతో నడిచేచోట పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపకూడదనే 1964 పౌరహక్కుల చట్టం ఉంది. ప్రత్యేక విద్య చట్టం ఐడీఈఏ ప్రకారం, ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి స్కూలు వేసే చదువు ప్లాన్) మీటింగ్‌లో ఏం మాట్లాడుతున్నారో తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చూడాల్సింది స్కూలే, అవసరమైతే ఇంటర్‌ప్రిటర్‌ని పెట్టి.

కానీ ఈ బాబుకి ఇంకా మూడేళ్లు నిండలేదు కాబట్టి వెళ్లాల్సింది స్కూలుకి కాదు, ఎర్లీ ఇంటర్వెన్షన్‌కి, అంటే మూడేళ్లలోపు పిల్లల ఎదుగుదలకి సాయం చేసే ప్రభుత్వ కార్యక్రమానికి. టెక్సస్‌లో ఈసీఐ అంటారు. డాక్టర్ చీటీ అక్కర్లేదు, తల్లే ఫోన్ చేయొచ్చు. పరీక్షకు డబ్బు తీసుకోరు. పేరు ఇచ్చిన 45 రోజుల్లోపు పరీక్ష చేసి, అర్హత ఉంటే మొదటి ప్లాన్ మీటింగ్ పెట్టాలి. మూడు నిండగానే ఈ దారి మూసుకుపోయి స్కూలు డిస్ట్రిక్ట్ చేతికి వెళ్తుంది. ఉన్నది ఆర్నెల్లు. ఆవిడ ఇంగ్లీష్ నేర్చుకునేదాకా ఆగుతాయా?

ఎడిసన్ నాన్న:
ఇంటర్‌ప్రిటర్ దొరికితే కదండీ! మా ఆవిడకి ఒకచోట హిందీ మాట్లాడే ఆయన్ని ఇచ్చారు. ఇండియా అనగానే హిందీ అనుకుంటారు.

ఐఈపీ అమ్మ:
అందుకే అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడే భాష తెలుగు అని రాయించాలి. ఎదురుగా మనిషి దొరక్కపోతే ఫోన్‌లో పెడతారు. పెద్దపిల్లని పక్కన కూర్చోబెట్టి చెప్పించడం మాత్రం వద్దు. తమ్ముడి సమస్య గురించి అమ్మకి వివరించే బరువు పదేళ్ల పిల్ల మీద పెడతామా?

ప్లేనో బామ్మ:
అమ్మా, మా కోడలిని ఎవరో ఇంట్లో తెలుగు మానేయమన్నారు, మాటలు ఆలస్యమవుతాయని. నిజమేనా?

ఐఈపీ అమ్మ:
కాదు బామ్మగారూ. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. మీరు కథలు చెప్తూనే ఉండండి. ఆలస్యం ఉంటే దానికి కారణం వేరే, పరీక్ష చేయించాలి.

ఫ్రిస్కో అమ్మ:
ఈసీఐకి రేపే ఫోన్ చేయిస్తాను. నాకింకో ఆలోచన. వారాంతాల్లో పిల్లల్ని మనబడి తెలుగు క్లాసుకి దింపి మనం కార్లలో ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటాం. ఆ టైములో తల్లులకి ఈ విషయాలే తెలుగులో చెప్పిస్తే?

ఎడిసన్ నాన్న:
పెట్టండి. బిర్యానీ లేకపోతే నలుగురు కూడా రారు, చూస్తూ ఉండండి.