విదేశీ యుద్ధంపై పార్టీల చీలిక ఓటును ఎంతవరకు కదిలిస్తుంది?

అమెరికాలో అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో జరిగే కాంగ్రెస్ (పార్లమెంటు) మధ్యంతర ఎన్నికలపై వ్యాసం రాస్తూ ఒక చిక్కుముడి దగ్గర ఆగిపోయాను. తెలిసినవారు దారి చూపగలరని ఆశిస్తున్నాను.

2002 అక్టోబరులో ఇరాక్ యుద్ధానికి అనుమతినిచ్చే తీర్మానం ప్రతినిధుల సభలో 296–133 ఓట్లతో నెగ్గింది. అధ్యక్షుడు బుష్ పార్టీ అయిన రిపబ్లికన్లలో వ్యతిరేకించినవారు ఆరుగురే కాగా, డెమోక్రాట్లలో 81 మంది సమర్థించి, 126 మంది కాదన్నారు. అప్పటి ఎన్నికల్లో రిపబ్లికన్లు బలపడ్డారు. 2006 నాటికి గాలి మారి, డెమోక్రాట్లు ఉభయ సభలనూ గెలుచుకోగా, పోలింగ్ మర్నాడే రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ వైదొలగుతున్నట్లు ప్రకటన వెలువడింది.

నన్ను ఎక్కువగా వేధిస్తున్నది కనెటికట్ ఉదంతం. యుద్ధాన్ని గట్టిగా సమర్థించిన డెమోక్రాట్ సెనేటర్ జో లీబర్‌మన్, 2006 ఆగస్టులో సొంత పార్టీ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) యుద్ధ వ్యతిరేకి నెడ్ లమాంట్ చేతిలో ఓడిపోయి, నవంబరులో స్వతంత్రుడిగా నిలబడి, రిపబ్లికన్ ఓటర్లలో అత్యధికుల అండతో అదే స్థానాన్ని నిలబెట్టుకున్నారు. యుద్ధంపై చీలిక ప్రైమరీలో అభ్యర్థిని దించగలిగినా, సాధారణ ఎన్నికలో అంతే బలంగా పనిచేయదని దీన్నిబట్టి అనవచ్చునా? ఒక్క రాష్ట్రాన్ని చూసి అంత మాట అనడం తొందరపాటేమోనని నా అనుమానం.

ఆ ఏడాది కత్రినా తుపాను సహాయక చర్యల వైఫల్యం, లాబీయింగ్ (చట్టసభ సభ్యులను తమవైపు తిప్పుకునే ప్రయత్నాల) కుంభకోణాలు కూడా ఓటర్ల మనసులో ఉన్నాయి. వాటినుంచి యుద్ధ ప్రభావాన్ని వేరుచేసి కొలవడానికి పరిశోధకులు ఏ పద్ధతి అనుసరిస్తారు? నియోజకవర్గాలవారీ సైనిక మరణాలను ఓట్ల మార్పుతో పోల్చడం నమ్మదగిన మార్గమేనా? అనుభవజ్ఞులు దయచేసి వివరంగా చెప్పగలరు.