అప్‌డేట్: కాంప్లెక్స్ పార్కింగ్‌లో టపాకాయల స్టాల్ సంగతి

నెల్లూరులో షాపింగ్ కాంప్లెక్స్ ముందు ఖాళీలో దీపావళికి టపాకాయల స్టాల్ పెట్టొచ్చా, ఓనర్ సరేనంటే చాలా అని అడిగినా గదా, చాలదంట. ఓనర్‌దేముంది, అడ్వాన్సు ఎప్పుడిస్తావబ్బా అన్నాడు, అంతే. 2008 ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ ప్రకారం టెంపరరీ షెడ్డు మంట అంటుకోని మెటీరియల్‌తో కట్టాలి, షెడ్డుకీ షెడ్డుకీ 3 మీటర్లు గ్యాప్, ఎదురెదురుగా పెట్టకూడదు, జనం ఉండే బిల్డింగులకి 50 మీటర్ల దూరం, ఇక్కడే మనకి దెబ్బ పడింది. కాంప్లెక్స్ మెట్ల కాడ నుంచి రోడ్డు కాలవ దాకా టేపు పెట్టి కొలిస్తే అందులో సగం కూడా రాలా, అదీ బైకులన్నీ పక్కకి తోస్తే. పైగా ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించిన జాగాలో యాపారం ఏంది అని టౌన్‌ప్లానింగ్ ఆయన మొహం మీదే అనేసినాడు. అందరితో పాటు గ్రౌండ్‌లో పెట్టుకుందామని అప్లికేషన్ రాస్తా ఉండా, ఒకచోట 50 షాపులకి మించి ఇవ్వకూడదు కాబట్టి ముందే పోవాల. లైట్లు వేలాడే వైర్లతో కాకుండా గోడకో పైకప్పుకో బిగించాలంట, మంచి ఎలక్ట్రీషియన్ ఎవరన్నా ఉంటే చెప్పండన్నా.