అప్‌డేట్: నా ఫోమ్ విమానం ఎగిరింది

సొంతంగా చేసిన మొదటి ఆర్‌సీ (రిమోట్‌తో ఎగరేసే) విమానం చేతిలోంచి వదలగానే ముక్కు పైకెత్తి, వేగం పోయి కూలిపోతోందని పోయిన నెల ఇక్కడ అడిగాను కదా. మోటార్‌కు పవర్ చాలడం లేదనుకున్నాను. మీరు చెప్పిందే నిజం, తోక బరువు ఎక్కువైంది.

రెక్క వెడల్పు (ముందు అంచు నుంచి వెనక అంచు దాకా) 20 సెం.మీ. కాబట్టి విమానం బరువు సమంగా నిలవాల్సిన చోటుగా ముందు అంచు నుంచి 5.5 సెం.మీ. దగ్గర రెండు వైపులా పెన్నుతో గుర్తు పెట్టి, వేలి కొసల మీద నిలబెట్టి చూశాను. తోక కిందికి వాలిపోయింది. 2200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని వెల్క్రో మీద మెల్లగా ముందుకు జరిపాను. సుమారు 3 సెం.మీ. జరిగాక ముక్కు కొద్దిగా కిందికి దిగి నిలిచింది. అంతే, మోటార్ మార్చలేదు.

ఆదివారం ఆరింటికే, గాలి లేవకముందే, ఎండిన చెరువులోకి వెళ్లాం. తమ్ముడు విసిరాడు. నాలుగు నిమిషాలు ఎగిరింది! అది నావైపు తిరిగి వస్తున్నప్పుడు మాత్రం కుడి ఎడమలు తారుమారై టెన్షన్ పడ్డాను. అప్పుడు రెక్క ఎటు వాలితే రిమోట్ స్టిక్ అటే నెట్టమని ఇక్కడ చెప్పిన అన్నకు చాలా థాంక్స్, విమానం దక్కింది. గడ్డిలో దిగేటప్పుడు ప్రొపెల్లర్ ఒకటి విరిగింది. ఇంకో రెండు కొని పెట్టుకున్నాను.