మా తమ్ముడు స్టేజి ఎక్కుతానంటున్నాడు. ఎలాంటి బృందం చూడాలి?

ఉప్పల్ అక్క:

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 31 ఏళ్లు, డౌన్ సిండ్రోమ్. స్పెషల్ స్కూలు అయింది, కొవ్వొత్తులు, కవర్లు చేసే ట్రైనింగ్ కూడా అయింది. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. వాడికి నాటకం అంటే ప్రాణం. చిన్నప్పటి నుంచీ నాన్న వాణ్ని రవీంద్రభారతికి తీసుకెళ్లేవారు. పద్య నాటకంలో కృష్ణుడు రాగానే సీట్లో ముందుకు జరిగి కూర్చుంటాడు. ఇంటికొచ్చాక టవల్ భుజాన వేసుకుని రాగం తీస్తాడు. మాటలు స్పష్టంగా ఉండవు కానీ ఆ రాగం, ఆ చెయ్యి విసరడం అచ్చం నటుడిలాగే ఉంటాయి.

ఈమధ్య ఒక బృందాన్ని కలిశాం. వైకల్యం ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ కలిపి నాటకాలు వేస్తామన్నారు. వాడికి చెట్టు వేషం ఇచ్చారు. రెండు కొమ్మలు పట్టుకుని వెనకాల నిలబడాలి. రిహార్సల్ నుంచి వస్తూ బస్సులో "చెట్టు మాట్లాడదు కదక్కా" అన్నాడు. నాకు చాలా బాధేసింది. మళ్లీ పంపలేదు.

నాన్నేమో "నలుగురూ నవ్వుతారు, వాడికెందుకమ్మా ఆ టెన్షన్" అంటున్నారు. నిజమే, వాడు డైలాగు మధ్యలో మర్చిపోతాడు. కొత్తవాళ్లకు వాడి మాట సగం అర్థం కాదు. అలాంటివాళ్లకు మాటలున్న వేషం ఇచ్చే పద్ధతి ఏదైనా ఉందా? బృందాన్ని చూసేటప్పుడు ఏం అడగాలి?

పాత రంగస్థలం:

అమ్మా, చాలా ఏళ్లుగా నాటకాలు ఆడిస్తున్నాను. కొంతకాలంగా మా బృందంలో మేధోవైకల్యం ఉన్న పెద్దవాళ్లు కూడా ఉన్నారు. మీ తమ్ముడు అన్నమాట న్యాయమైనది. ముందే రాసిపెట్టుకున్న స్క్రిప్టు తెచ్చి, అందులో ఖాళీ ఎక్కడుందా అని వెతికితే చెట్టే దొరుకుతుంది. నటుడు ఏం చేయగలడో నాలుగు వారాలు చూసి, ఆ తర్వాత కథ కట్టుకోవాలి. ఏ బృందాన్నైనా మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న, స్క్రిప్టు ముందా, మనుషులు ముందా అని.

ఇక మాట మర్చిపోవడం, స్పష్టంగా లేకపోవడం. దీనికి మన దగ్గరే మంచి దారి ఉంది. బుర్రకథ చూడండి. మధ్యలో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. కథకుడు ఒక చరణం పాడితే వంతలు "తందానా తాన" అని అందుకుంటారు. మధ్యమధ్యలో ఆపి "అయితే ఆ తర్వాత ఏమైందన్నా?" అని అడుగుతారు. "ఏంటీ, రాజుకు కోపం వచ్చిందా?" అని కథకుడి మాటనే తిప్పి చెబుతారు. మీ తమ్ముణ్ని కథకుణ్ని చేయండి. మాట మర్చిపోతే వంత అడిగే ప్రశ్నే అందింపు అవుతుంది. మాట స్పష్టంగా లేకపోతే వంత తిరిగి చెప్పడంతో ప్రేక్షకుడికి అందుతుంది. వింగ్స్‌లో, అంటే స్టేజి పక్కన తెర చాటున, కాగితాలు పట్టుకుని గుసగుసలాడే ప్రాంప్టర్ పనిని ఇక్కడ వేషం కట్టిన మనిషి అందరి ముందూ చేస్తాడు. అది సాయంలా కనిపించదు, ఎందుకంటే ఆ కళ నడిచేదే అలాగ.

మా బృందంలో ఒకతను వాక్యం మొత్తం చెప్పలేడు. ఒక్కో మాటే చెబుతాడు. "వాన" అంటాడు. వంత "ఎలాంటి వాన తమ్ముడూ?" అంటాడు. అతను చేతులతో చూపిస్తాడు, గుమ్మెట (వంతలు వాయించే డోలు) మోగుతుంది. ఆ ఒక్క మాట చుట్టూ మాకు పది నిమిషాల సన్నివేశం తయారైంది. అతను ఎంతసేపు ఆగితే వంత అంతసేపూ ఆగాలి, తొందరపడి మాట అందించకూడదు. వంతలకు నేర్పడానికే మాకు ఎక్కువ సమయం పట్టింది.

పద్యం బాగుంటే మనవాళ్లు "వన్స్ మోర్" అంటారు కదా. మీవాడు చెప్పిందే మళ్లీ చెప్పినా మన నాటకానికి అది కొత్త కాదు. నాన్నగారికి ఈ మాట చెప్పండి, పద్య నాటకం తెలిసిన మనిషి కాబట్టి అర్థం చేసుకుంటారు.

ఆస్ట్రేలియాలో జీలాంగ్ అనే ఊళ్లో బ్యాక్ టు బ్యాక్ థియేటర్ 1987 నుంచి నడుస్తోంది. అందులో వైకల్యం ఉన్న నటులే ముఖ్యులు. నాటకం తయారుచేయడంలో వాళ్ల చెయ్యి ఉంటుంది, అది వాళ్ల వృత్తి. 2024లో ఇటలీలోని వెనిస్ బినాలే అనే కళోత్సవం వాళ్లు నాటకరంగంలో జీవితకాల కృషికిచ్చే గోల్డెన్ లయన్ పురస్కారం ఆ బృందానికి ఇచ్చారు. కాబట్టి డబ్బు గురించి అడగడానికి మొహమాటపడకండి. టికెట్ పెట్టి ఆడే నాటకమైతే అందరితోపాటు మీ తమ్ముడికీ వాటా రావాలి.

తెల్లకర్ర:

నేను చూపులేని నటిని, ఉండేది మలక్‌పేట. బృందాన్ని చూడ్డానికి వెళ్లినప్పుడు మైకులో చెప్పే మాటల కన్నా స్టేజి ఎక్కే దారి చూడండి. చాలా హాళ్లలో ర్యాంపు ప్రేక్షకుల తలుపు దాకానే ఉంటుంది, స్టేజికి మాత్రం మెట్లే. అంటే మనం చూడ్డానికి వస్తామనుకున్నారు గానీ ఆడడానికి వస్తామనుకోలేదు. నాతో నటించే ఒకావిడ వీల్‌చెయిర్‌లో ఉంటారు. ఒక హాల్లో ఆవిణ్ని నలుగురు ఎత్తి పైన పెట్టారు, మేకప్‌తో ఉన్న మనిషిని, అందరూ చూస్తుండగా. ఇప్పుడు ర్యాంపు లేకపోతే అందరం కిందే, ప్రేక్షకుల ముందు నేల మీదే ఆడతాం.

నాకైతే స్టేజి అంచుకు కాస్త ఇవతల, తివాచీ కింద తాడు పరిచి టేపు వేస్తారు. కాలికి తగలగానే ఆగిపోతాను. ఆ తాడు ఉంటే పరుగెత్తే సీను కూడా చేస్తాను.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 29వ సెక్షన్ సంస్కృతి, వినోదం గురించే. కళాకారులకు ప్రోత్సాహం, కళల కోర్సులను మనకు వీలుగా మార్చడం అందులో ఉన్నాయి. హాలు వాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ పేజీ ప్రింటు దగ్గర పెట్టుకోండి.

బోడుప్పల్ అమ్మ:

మా అబ్బాయిదీ డౌన్ సిండ్రోమే. ఆరోగ్యం సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడ పైభాగం ఎముకల కీలు వదులుగా ఉంటుంది. పిల్లిమొగ్గలు, తల వెనక్కి విరవడం, భుజాల మీదికి ఎత్తడం లాంటివి పెట్టకముందే డాక్టర్‌ని అడగండి. మెడ నొప్పి, నడకలో తేడా కనిపిస్తే రిహార్సల్ ఆపి వెంటనే చూపించాలి. బృందంలో ఫిట్స్ ఉన్నవాళ్లుంటే టపటపా కొట్టే లైట్లు వద్దని ముందే చెప్పండి.

రిహార్సల్ పొద్దున పెట్టించండి. మావాడు సాయంత్రానికి అలసిపోతాడు, అలసిపోతే మొండికేస్తాడు. మొదటిసారి ఆడేటప్పుడు హాల్లో లైట్లు పూర్తిగా ఆర్పకుండా, చప్పుడు తగ్గించి, మధ్యలో లేచి తిరిగినా ఎవరూ ఏమీ అనని ప్రదర్శన పెట్టమనండి. చూడ్డానికి వచ్చే మనవాళ్లకు కూడా హాయి.

ఇంకో మాట. మీ తమ్ముణ్ని "బాబూ బాబూ" అని పిలిచి చప్పట్లు కొట్టించే చోటికి పంపకండి. 31 ఏళ్ల మనిషి. తప్పు చేస్తే డైరెక్టర్ "మళ్లీ చెయ్యి" అనాలి. మావాడికి అలా అన్న రోజే ఇంటికొచ్చి అద్దం ముందు ప్రాక్టీసు చేశాడు.

ఉప్పల్ అక్క:

అందరికీ చాలా థాంక్స్. సార్, మీ బుర్రకథ మాట నాన్నకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "వంతగా నేను నిలబడితే?" అన్నారు. తమ్ముడు మాత్రం "నువ్వొద్దు, నువ్వు తొందరపెడతావ్" అనేశాడు. వాడు చెప్పింది కరెక్టే. నాన్నకు ఆగడం నేర్పించాలి, లేదా వేరే వంతను చూడాలి.

సార్, మీ రిహార్సల్‌కు ఒకసారి వచ్చి చూడొచ్చా? మెట్రో స్టేషన్‌కు దగ్గరైతే మాకు సులువు. తమ్ముడికి మెట్రోలో ఒక్కడే టికెట్ తీసుకోవడం వచ్చు. అలాగే ఉప్పల్, తార్నాక వైపు గుమ్మెట వాయించేవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడ చెప్పండి.