ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్నాము: సొలిసిటర్‌ను ఎలా ఎంచుకోవాలి, ఆయనకు ముందుగా ఏమేమి చెప్పాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము రెడింగ్‌లో ఉంటున్నాము. రెండు పడకగదుల లీజ్‌హోల్డ్ ఫ్లాట్ (భూమి వేరొకరిది, నిర్ణీత ఏళ్ల హక్కు మాత్రమే మనకు వచ్చేది) ఒకటి చూసి 3,60,000 పౌండ్లకు ఆఫర్ ఇచ్చాము, అమ్మేవారు అంగీకరించారు. ఎస్టేట్ ఏజెంట్ తమకు తెలిసిన సొలిసిటర్‌నే, అంటే కొనుగోలు కాగితాలు చూసే న్యాయవాదినే, పెట్టుకోమని, అలా అయితే పని త్వరగా అవుతుందని పదేపదే చెబుతున్నారు. ఇంటర్నెట్‌లో చూస్తే అందులో సగం ఫీజుకే చేస్తామనే సంస్థలు ఉన్నాయి. డిపాజిట్‌లో కొంత గుంటూరులో ఉన్న మా నాన్నగారు పంపుతారు. ఈ దేశంలో మాకిది మొదటి ఇల్లు కనుక స్టాంప్ డ్యూటీ రాయితీ వస్తుందని లెక్క వేసుకున్నాము. హైదరాబాదులో మాత్రం నా పేరు మీద ఒక ఫ్లాట్ ఉంది. ఎవరిని ఎంచుకోవాలో, వారితో పని ఎలా నడుపుకోవాలో తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం

నమస్కారమండీ. ముందుగా ఒక ఊరట: ఆఫర్ అంగీకరించినంత మాత్రాన మీరు గాని వారు గాని చట్టప్రకారం కట్టుబడి ఉండరు. మన దగ్గర బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకోవడంతో వ్యవహారం మొదలవుతుంది. ఇంగ్లండ్‌లో కాగితాల పరిశీలన అంతా ముగిశాక, కాంట్రాక్టులు మార్చుకునే రోజున, అంటే ఎక్స్ఛేంజ్ నాడు, సాధారణంగా ధరలో పది శాతం డిపాజిట్ కట్టినప్పుడే ఇరువురూ కట్టుబడతారు. కాబట్టి సొలిసిటర్ ఎంపికకు రెండు మూడు రోజులు తీసుకున్నా నష్టం లేదు.

ఏజెంట్ చెప్పినవారినే పెట్టుకోవాలన్న నియమం ఏదీ లేదు. ఇలా పంపినందుకు ఏజెంటుకు రిఫరల్ ఫీజు ముడుతుందా, ముడితే ఎంత అని నేరుగా అడగండి. ఆ సంగతి మీకు వెల్లడించవలసిన బాధ్యత వారిపై ఉంది. ఫీజు తీసుకున్నంత మాత్రాన ఆ సొలిసిటర్ చెడ్డవారని కాదు గాని, ఆ సిఫారసు బరువెంతో మీకు తెలిసి ఉండాలి.

ఈ పనిని సొలిసిటర్లే కాక లైసెన్స్‌డ్ కన్వేయన్సర్లు, అంటే ఆస్తి బదిలీ (కన్వేయన్సింగ్) పనికి లైసెన్సు పొందినవారు, కూడా చేస్తారు. మొదటివారు సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ కింద, రెండోవారు కౌన్సిల్ ఫర్ లైసెన్స్‌డ్ కన్వేయన్సర్స్ కింద నమోదై ఉంటారు, ఆ జాబితాలను ఎవరైనా చూడవచ్చు. అంతకంటే ముఖ్యం, మీకు మార్ట్‌గేజ్ (ఇంటి రుణం) ఇచ్చే బ్యాంకు ప్యానెల్‌లో, అంటే అది ఆమోదించిన సంస్థల జాబితాలో, ఆ సంస్థ ఉండాలి. లేకపోతే బ్యాంకు తరఫున వేరొకరు చూడవలసి వస్తుంది, ఖర్చూ కాలయాపనా రెండూ పెరుగుతాయి.

సగం ఫీజు ప్రకటనల విషయానికి వస్తే, అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదవండి. లీజ్‌హోల్డ్‌కు అదనం, బహుమతిగా వచ్చిన డిపాజిట్‌కు అదనం, బ్యాంకు బదిలీకి అదనం, స్టాంప్ డ్యూటీ రిటర్ను దాఖలుకు అదనం అంటూ చివరికి లెక్క సమానమైపోవడం తరచుగా జరుగుతుంది. సెర్చ్‌లు (ఆస్తి గురించి ప్రభుత్వ రికార్డుల్లో చేసే తనిఖీలు), వ్యాట్‌తో సహా మొత్తం ఎంతో, కొనుగోలు మధ్యలో ఆగిపోతే ఎంత చెల్లించాలో ఈమెయిలులో రాయించుకోండి. ఇవన్నీ అడిగాక, నన్నడిగితే అసలైన ప్రశ్న ఒకటే: నా ఫైలు ఎవరి చేతిలో ఉంటుంది, వారు సెలవులో ఉంటే ఎవరు మాట్లాడతారు? దీనికి ఒక మనిషి పేరు చెప్పలేని సంస్థను, ఎంత చౌక అయినా, వదిలేయడమే మంచిది.

రెండవ సమాధానం

నేను కన్వేయన్సింగ్ కార్యాలయంలో పనిచేస్తాను. మీ ప్రశ్నలో చివరగా, యథాలాపంగా రాసిన హైదరాబాదు ఫ్లాట్ సంగతే అన్నిటికన్నా పెద్దది. ‘ఫస్ట్ టైమ్ బయ్యర్’ రాయితీ ఈ దేశంలో మొదటి ఇల్లు కొనేవారికి కాదు. ప్రపంచంలో ఎక్కడా, వారసత్వంగా గాని బహుమతిగా గాని కూడా, ఇంటి యాజమాన్యం ఎన్నడూ లేనివారికి మాత్రమే. ఇద్దరు కలిసి కొంటే ఇద్దరూ అలాంటివారే అయి ఉండాలి.

అది ఒక దెబ్బ. రెండవది ఇంకా పెద్దది. విదేశంలో ఉన్న ఇల్లు అయినా, అందులో మీ వాటా విలువ 40,000 పౌండ్లు లేదా అంతకు మించితే, ఇక్కడ కొనే ఇంటిని అదనపు ఇల్లుగా పరిగణించి మొత్తం ధరపై ఐదు శాతం సర్‌ఛార్జీ వేస్తారు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రేట్ల ప్రకారం మీ 3,60,000 పౌండ్ల ఫ్లాటుకు రాయితీతో అయితే 3,000, రాయితీ లేకుండా మామూలుగా అయితే 8,000, సర్‌ఛార్జీ కూడా పడితే 26,000 పౌండ్లు కట్టాలి. చూసే విలువ మీరు కొన్న నాటిది కాదు, ఇక్కడి కొనుగోలు పూర్తయ్యే నాటి మార్కెట్ విలువ. ఖాళీ స్థలాలు, పొలాలు నివాసగృహాలు కావు కనుక ఈ లెక్కలోకి రావు.

సొలిసిటర్ పంపే ప్రశ్నావళిలో ‘మీకు మరెక్కడైనా ఇల్లు ఉందా’ అని ఉంటుంది. మనవారిలో చాలామంది ఇక్కడి సంగతే అడుగుతున్నారనుకుని లేదని రాసేస్తారు. రిటర్ను మీ తరఫున ఆయనే దాఖలు చేసినా అందులోని సమాచారానికి బాధ్యులు మీరే, తరువాత పన్నుల శాఖ అడిగితే వడ్డీ, జరిమానా కట్టవలసింది కూడా మీరే. ఫీజు కొటేషన్ అడిగే మొదటి ఈమెయిలులోనే ఈ ఫ్లాటు గురించి రాయండి.

అడిగినవారు

ఈ విషయం మాకు అసలు తెలియదు, కృతజ్ఞతలు. అయితే మా ఆవిడ పేరు మీద మాత్రమే కొంటే సరిపోతుందా? లేక నాన్నగారి పేరు చేర్చడం మేలా? ఆయన పంపే డబ్బు నిరుడు పొలం అమ్మగా వచ్చినది.

రెండవ సమాధానమిచ్చినవారు

మీ శ్రీమతి గారి ఒక్కరి పేరు మీద కొన్నా, కలిసి ఉంటున్న భార్యాభర్తలను ఈ సర్‌ఛార్జీ విషయంలో కలిపే చూస్తారు కాబట్టి అది తప్పదు. నాన్నగారి పేరు చేర్చడం మరీ ప్రమాదం. ఆయన గుంటూరు ఇల్లు కూడా లెక్కలోకి వస్తుంది. పైగా కొనేవారిలో ఒక్కరు ఈ దేశంలో నివాసి కాకపోయినా మరో రెండు శాతం పడుతుంది. ఆయన దాతగా ఉండటమే అందరికీ క్షేమం.

డబ్బు ఎక్కడిదన్న విచారణ మీ మీద అనుమానంతో చేసేది కాదు, మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం ప్రతి సొలిసిటరూ చేసి తీరవలసిందే. నాన్నగారి గుర్తింపు పత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇది అప్పు కాదనీ ఇంటిపై తనకు హక్కేమీ ఉండదనీ తెలిపే బహుమతి లేఖ అడుగుతారు. తరువాత, ఆ సొమ్ము ఆయన ఖాతాలోకి ఎలా వచ్చిందని అడుగుతారు. అప్పుడు పొలం రిజిస్ట్రేషన్ దస్తావేజు కావాలి, అది తెలుగులో ఉంటే అధికారిక ఆంగ్ల అనువాదం చేయించి ఇవ్వాలి. ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. దస్తావేజులో చూపిన ధర ఒకటి, చేతికి వచ్చినది ఇంకొకటి అయిన సందర్భాల్లో, నగదుగా తీసుకున్న భాగానికి ఏ ఆధారమూ ఉండదు. ఆ భాగాన్ని ఏ సొలిసిటరూ అంగీకరించలేరు. అనుమానం వస్తే నేషనల్ క్రైమ్ ఏజెన్సీకి తెలియజేయవలసిన బాధ్యత ఆయనకుంది, తెలియజేసిన సంగతి మీకు చెప్పే స్వేచ్ఛ కూడా ఉండదు. కనుక దస్తావేజు ప్రకారం బ్యాంకులో జమ అయిన సొమ్ములోంచే పంపమనండి.

భారతదేశంలో నివసించే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశానికి పంపవచ్చు. ఇలాంటి బహుమతికి ఆ సంవత్సరంలో పది లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు ఇరవై శాతం పన్ను ముందుగా వసూలు చేస్తుంది. నాన్నగారు దానిని తన ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు గాని, ఆ మేరకు చేతిలో అదనంగా డబ్బు సిద్ధంగా ఉండాలి.

మూడవ సమాధానం

లీజ్‌హోల్డ్ గురించి ఎవరూ చెప్పలేదు కనుక నాలుగు మాటలు. లీజు ఇంకా ఎన్నేళ్లుందో సొలిసిటర్ కంటే ముందు మీరే అడగండి. ఎనభై ఏళ్ల కిందికి దిగిన లీజులను పొడిగించడం ఇప్పటివరకు బాగా ఖరీదైన పని, బ్యాంకులు కూడా వెనకాడతాయి. గడచిన మూడేళ్ల సర్వీస్ ఛార్జీ లెక్కలు, రాబోయే పెద్ద మరమ్మతుల నోటీసులు, భవనం ఎత్తు పదకొండు మీటర్లు దాటితే బయటి గోడల అగ్నిభద్రత పత్రాలు తెప్పించమనండి. ఈ సమాచారం భవన నిర్వాహకుల నుంచి రావాలి, అందరి ఫైళ్లూ ఆగేది ఎక్కువగా అక్కడే, దానికి సొలిసిటర్‌ను తప్పుపట్టి లాభం లేదు.

సొలిసిటర్ ఇల్లు చూడరు, కాగితాలే చూస్తారు. పార్కింగ్ స్థలం మీదేనని ఏజెంట్ చూపించి ఉంటే, ఆ చోటును ప్లానులో గుర్తుపెట్టి పంపి, లీజులో అది ఉందో లేదో చూడమనండి. గోడ కొట్టి వంటగదిని పెద్దది చేసినట్లు అనిపిస్తే ఆ మాటా రాయండి. గోడల తేమ, పైకప్పు వంటివి సర్వేయర్ పని, బ్యాంకు చేయించే వాల్యుయేషన్ దానికి సరిపోదు. రోజూ ఫోన్ చేసే బదులు వారానికొకసారి, ఎవరి వద్ద ఏ కాగితం ఆగిందో అడుగుతూ ఒకే ఈమెయిలు పంపితే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. సొలిసిటర్ బ్యాంకు ఖాతా వివరాలు మారాయంటూ ఈమెయిలు వస్తే డబ్బు పంపకండి. మొదట్లో ఇచ్చిన ఫోన్ నంబరుకు మీరే చేసి నిర్ధారించుకోండి. మోసగాళ్లు డిపాజిట్ కట్టే సమయానికే కాచుకుని ఉంటారు.

అడిగినవారు

చాలా ఉపకారం చేశారు. చివరగా ఒక్క సందేహం: గృహప్రవేశానికి పురోహితులు గారు ఒక ముహూర్తం చెప్పారు. కంప్లీషన్‌ను, అంటే మిగతా డబ్బు కట్టి తాళాలు తీసుకోవడాన్ని, ఆ రోజుకే పెట్టించమని సొలిసిటర్‌ను అడగవచ్చా?

మూడవ సమాధానమిచ్చినవారు

అడగవచ్చు గాని తేదీ ఖరారయ్యేది ఎక్స్ఛేంజ్ రోజునే, అదీ అమ్మేవారు ఒప్పుకుంటేనే. అప్పటిదాకా అద్దె ఇంటికి నోటీసు కూడా ఇవ్వకండి. కంప్లీషన్ నాడు మీ సొలిసిటర్ పంపిన డబ్బు అవతలి సొలిసిటర్ ఖాతాలో చేరిందని తెలిశాకే ఏజెంట్ తాళాలు ఇస్తారు, అది మధ్యాహ్నం కావచ్చు, ఇంకా ఆలస్యమూ కావచ్చు. తెల్లవారుజాము ముహూర్తమైతే కంప్లీషన్‌కు మరునాడో ఆ తరువాతో పడేలా ఇంకొకటి చూడమని పురోహితులు గారిని ఇప్పుడే అడిగి ఉంచండి. హోమం చేయదలిస్తే ఫ్లాటులోని పొగ అలారం భవనమంతటి అలారంతో కలిసి ఉందేమో నిర్వాహకులను ముందుగా కనుక్కోండి.