యాభై మందికి వేసిన పత్రిక ఇప్పుడు అందరిదీ అవుతుందా?

పాతకాగితం:
ఈ మధ్య పాత పుస్తకాల్ని ఉచితంగా చదవనిచ్చే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ‘ఫ్యూచూరియా ఫాంటేసియా’ చదివాను. తర్వాత పేరున్న రచయిత అయిన రే బ్రాడ్‌బరీ 1939లో లాస్ ఏంజెలెస్‌లో సొంతంగా మొదలుపెట్టిన సైన్స్ ఫిక్షన్ అభిమానుల పత్రిక ఇది. అప్పటికి ఆయనకి పంతొమ్మిదేళ్ళు నిండలేదు, వీధిలో పేపర్లు అమ్ముకునేవాడు. తోటి అభిమాని ఫారెస్ట్ ఆకర్‌మన్ డబ్బు సర్దితే నాలుగు సంచికలు తెచ్చి 1940లో ఆపేశాడు. రాసేవాళ్ళు చాలక రాన్ రేనాల్డ్స్ లాంటి మారుపేర్లతో తనే రాసేసుకున్నాడు. మొదటి సంచికలో టెక్నోక్రసీని, అంటే దేశాన్ని ఇంజనీర్లూ నిపుణులూ నడపాలనే ఉద్యమాన్ని, ఆకాశానికెత్తేశాడు. చదువుతుంటే నవ్వొచ్చింది. ఎవరిదో డైరీ చూస్తున్నట్టు కాస్త ఇబ్బందిగానూ అనిపించింది. ఇలాంటి పత్రికల్ని ఇప్పుడు వేలకి వేలు స్కాన్ చేస్తున్నారు. గుప్పెడు మంది కోసం కుర్రాళ్ళు రాసుకున్నది, రాసినవాళ్ళని అడక్కుండా లోకం ముందు పెట్టొచ్చా?

స్టెన్సిల్:
పెట్టొచ్చు అనడం కాదు, పెట్టాలి. నేను ఆఫీసులో కాపీలు తీసే సైక్లోస్టైల్ మిషన్ మీద ఏళ్ళ తరబడి పనిచేసినవాణ్ణి. ఆ పత్రికలవాళ్ళు మైమియోగ్రాఫ్ అనేదీ అదే జాతి. టైప్‌రైటర్ రిబ్బన్ పక్కకి తప్పించి, అక్షరం నేరుగా మైనపు స్టెన్సిల్ మీద కొట్టాలి. ఇంగ్లీషు ‘ఓ’ గట్టిగా కొట్టామా, మధ్యలో గుండ్రం ఊడొస్తుంది, అచ్చులో అక్కడ ఇంకు ముద్ద పడుతుంది. తప్పు దొర్లితే దిద్దే ద్రవం పూసి, ఆరేదాకా ఊదుకుంటూ కూర్చుని మళ్ళీ కొట్టాలి. ఆ తర్వాత డ్రమ్ముకి తొడిగి హ్యాండిల్ తిప్పడం, పేజీలు వరుసలో పేర్చి పిన్ను కొట్టడం. ఇంత చాకిరీ చేసేవాడు నలుగురూ చదవాలనే చేస్తాడు, దాచుకోవడానికి కాదు.

చట్టం చూసినా అంతే. అప్పట్లో అమెరికాలో కాపీరైట్‌ని 28 ఏళ్ళకి రెన్యూ చేయించుకోకపోతే పోయినట్టే. పిల్లలు వేసిన పత్రికకి ఎవడు చేయిస్తాడు? పైగా ఆ చవక కాగితం పసుపెక్కి, వేలు తగిలితే పెళుసుగా విరిగిపోతుంది. హెక్టోగ్రాఫ్ మీద వేసినవైతే మరీ ఘోరం. జెలటిన్ పలక మీంచి తీసే ఆ ఊదా అక్షరాలు యాభై కాపీలు దాటితే తేలిపోతాయి, వెలుతురు తగిలితే వెలిసిపోతాయి. అనుమతి కోసం కూర్చుంటే చివరికి అనుమతి ఒక్కటే మిగులుతుంది, పత్రిక మిగలదు.

నిశాచరి:
స్టెన్సిల్ గారూ, నలుగురూ చదవాలనే అన్నారు, ఒప్పుకుంటాను. కానీ ఏ నలుగురండీ? 1937లో డోనాల్డ్ వోల్‌హైమ్, జాన్ మిషెల్ మొదలుపెట్టిన ‘ఫాపా’ అనే అభిమానుల సంఘం సంగతే చూడండి. సభ్యులు ఎవరి పత్రిక వాళ్ళు వేసుకుని కాపీలన్నీ ఒకరికి పంపేవాళ్ళు, ఆయన కట్టలు కట్టి మళ్ళీ సభ్యులకే పోస్ట్ చేసేవాడు. ఎవరు చదువుతారో రాసేవాళ్ళకి తెలుసు. ఆ ధైర్యంతోనే గొడవలూ అలకలూ అన్నీ రాసుకున్నారు. ఉత్తరాల కింద ఇంటి అడ్రసులు కూడా వేసేవాళ్ళు. అసలు 1926లో తను మొదలుపెట్టిన సైన్స్ ఫిక్షన్ పత్రిక ‘అమేజింగ్ స్టోరీస్’లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ పాఠకుల ఉత్తరాలు అడ్రసులతో సహా వేయబట్టే కదా, వీళ్ళు ఒకరికొకరు తెలిసింది.

ఇక 1967లో వచ్చిన ‘స్పాకనాలియా’ తర్వాత, స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్ అభిమానుల పత్రికలు వరదలా వచ్చాయి. వాటిలో కథలు రాసిన ఆడవాళ్ళు చాలామంది ఇంకా ఉన్నారు. ఇరవైల్లో సరదాగా రాసింది ఇవాళ మనవళ్ళు పేరు కొట్టి వెతికితే దొరుకుతుంది.

మా హాస్టల్లో లిఖిత పత్రిక ఉండేది, ఒక్కటే కాపీ, గది గదికీ తిరిగేది. అందులో నేను రాసిన కవితని ఈ మధ్య ఒకావిడ ఫోటో తీసి, పేరుతో సహా, మూడొందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. కవిత బాగాలేదన్నది వేరే సంగతి. అడగొచ్చుగా?

గోదారిగట్టు:
నిశాచరి గారి కవితకి నా సానుభూతి. కానీ అడిగితే ఎవరైనా తమ పాత రాతల్ని బయటపెట్టనిస్తారా? ఇదొక్కటి చూడండి. క్లీవ్‌లాండ్ హైస్కూల్ కుర్రాడు జెర్రీ సీగెల్ 1932లో ‘సైన్స్ ఫిక్షన్’ అనే మైమియో పత్రిక మొదలుపెట్టాడు. 1933 జనవరి సంచికలో హెర్బర్ట్ ఎస్. ఫైన్ అనే మారుపేరుతో ఒక కథ రాస్తే, బొమ్మలు జో షూస్టర్ వేశాడు. ఉచిత రొట్టె కోసం క్యూలో నిలబడ్డ ఒక దరిద్రుణ్ణి ఒక ప్రొఫెసర్ పిలుచుకెళ్ళి, ఉల్కలోంచి తీసిన మందు పెడతాడు. వాడికి ఎదుటివాళ్ళ మనసు చదివే శక్తి వచ్చి, లోకాన్నే ఏలుదామనుకుంటాడు. చివరికి మందు దిగిపోయి మళ్ళీ అదే క్యూలోకి వస్తాడు. కథలో వాడే సూపర్‌మ్యాన్!

ఐదేళ్ళ తర్వాత, 1938లో, అదే జంట అదే పేరుతో లోకాన్ని కాపాడేవాణ్ణి తెచ్చింది. సూపర్‌మ్యాన్ మొదట విలన్‌గా పుట్టాడని మనకి తెలిసింది ఆ నాసిరకం కాగితం వల్లే. ఇది సీగెల్ ఒక్కడి సొత్తు కాదు, ఆ ఆర్థిక మాంద్యం కాలపు చరిత్ర.

నిశాచరి:
సీగెల్, బ్రాడ్‌బరీ పేరు సంపాదించుకున్నవాళ్ళు, వాళ్ళ తొలి రాతల మీద ఆసక్తి ఉండటం సహజం. నేనడిగేది అదే సంచికలో ఒక ఉత్తరం రాసి, తర్వాత ఏ గుమాస్తాగానో బతికినవాళ్ళ గురించి. ప్రతిసారీ పేరున్నవాళ్ళని చూపించి పేరులేనివాళ్ళ తలుపులు తీసేస్తున్నారు.

పాతకాగితం:
మధ్యేమార్గం ఒకటుంది. ఐయోవా విశ్వవిద్యాలయం రస్టీ హెవెలిన్ అనే పాత అభిమాని సేకరణలోని పదివేల దాకా పత్రికల్ని స్కాన్ చేస్తామని 2014లో ప్రకటించింది. పేజీలు మాత్రం అందరికీ తెరవకుండా, ఎంచుకున్న కొద్దిమంది అభిమానులకే ఇచ్చి విషయసూచిక రాయిస్తామంది.

స్టెన్సిల్:
అంటే బీరువాకి తాళమేసి, లోపలున్నవాటి జాబితా తలుపు మీద అంటించడమన్నమాట! నేనైతే అన్నీ పెట్టేసి, వద్దన్నవాళ్ళవి తీసేస్తాను. అడ్రసులంటారా, అవి చెరిపేయండి, నాకేం అభ్యంతరం లేదు.

నిశాచరి:
వద్దనాలంటే, పెట్టారన్న సంగతి ముందు వాళ్ళకి తెలియాలి కదండీ. ఎనభై దాటినవాళ్ళకి ఎవరు ఫోన్ చేసి చెప్తారు, మీరా?