"హైడ్రాలిక్స్ పోయాయి" అంటే ఏం పోయినట్టు?

ప్రశ్న (వార్తల అనువాదకుడు):
2024 అక్టోబర్ 11న తిరుచిరాపల్లి నుంచి షార్జా బయల్దేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737 రెండున్నర గంటలు చక్కర్లు కొట్టి మళ్ళీ అక్కడే క్షేమంగా దిగింది. ఇలాంటి వార్తలు వచ్చినప్పుడల్లా మనవాళ్ళు "సాంకేతిక లోపం" అని గానీ "హైడ్రాలిక్ వైఫల్యం" అని గానీ రాసి ఊరుకుంటారు. (హైడ్రాలిక్ అంటే పీడనంలో ఉన్న ద్రవంతో చక్రాలు, రెక్కల పలకల్లాంటివి కదిలించే ఏర్పాటు.) కొన్ని నిఘంటువుల పద్ధతిలో "జలచాలిత వ్యవస్థ" అనేవాళ్ళూ ఉన్నారు. ఏది రాస్తే సరిగ్గా ఉంటుంది?

నిర్వహణ ఇంజినీరు:
ముందు "జలచాలిత" తీసేయండి. అందులో నీళ్ళు లేవు. ఉండేది ఊదా రంగులో ఉండే ఫాస్ఫేట్ ఎస్టర్ ద్రవం. స్కైడ్రాల్ అంటే హ్యాంగర్లో అందరికీ తెలుసు. కంట్లో పడితే భగ్గుమంటుంది. "హైడ్రాలిక్" అన్న మాట జేసీబీ డ్రైవరు నోట కూడా ఉంది, దాన్ని అలాగే ఉంచండి.

అసలు చిక్కు "వైఫల్యం" దగ్గర. ద్రవం కారిపోవచ్చు, పంపు ఆగిపోవచ్చు, ద్రవం వేడెక్కిపోవచ్చు, ట్యాంకులో గాలి పీడనం తగ్గి పంపుకి ద్రవం సరిగా అందకపోవచ్చు. ఇవి నాలుగూ వేరు. ఎయిర్‌బస్ ఎ320 తెర మీద నాలుగింటికీ వేర్వేరు హెచ్చరికలు వస్తాయి, చేసే పనీ వేరు. వేడెక్కితే పంపు ఆపి చల్లారనిస్తారు, హెచ్చరిక పోతే మళ్ళీ వాడుకోవచ్చు. కారిపోతే ఆ సిస్టమ్ ఇక తిరిగి రాదు. అంతేకాదు, ఎ320లో ఆకుపచ్చ, పసుపు అని పిలిచే సిస్టమ్‌ల మధ్య ఉండి, ఒకదాని పీడనంతో రెండోదాన్ని నడిపించే పీటీయూని (పవర్ ట్రాన్స్‌ఫర్ యూనిట్) వెంటనే ఆపాలి. రెండింటి పీడనంలో తేడా 500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, పీడనం కొలత) దాటితే అది తనంతట తానే పనిలోకి దిగుతుంది. అవతల ద్రవమే లేనప్పుడు ఊరికే గిరగిరా తిరిగి, బాగున్న సిస్టమ్‌ని కూడా వేడెక్కించి చెడగొడుతుంది. కాబట్టి "కారిపోయింది", "ఆగిపోయింది", "వేడెక్కింది" అన్న క్రియల్లో ఏదో ఒకటి వాక్యంలో ఉండాలి.

737లో ఇంకో తిరకాసు. దాని రెండు ప్రధాన సిస్టమ్‌లలో ఒకటైన ఎ సిస్టమ్ ట్యాంకులో నిలువు గొట్టం ఉంటుంది, ఇంజిన్ పంపుకి ద్రవం దాని పైనుంచే అందుతుంది. ఇంజిన్ పంపు వైపు కారితే గేజీ 20 శాతం దగ్గర ఆగుతుంది, ఆ మిగిలిన దానితో విద్యుత్ పంపు సిస్టమ్‌ని నడిపిస్తుంది. విద్యుత్ పంపు వైపే కారితే మొత్తం ఖాళీ. రెండూ లీకే, ఫలితంలో మాత్రం పోలిక లేదు.

పైలట్:
737లో ఎ, బి, స్టాండ్‌బై అని మూడు. ఎ, బి మామూలుగా 3,000 పీఎస్ఐ మీద నడుస్తాయి. ఎ పోయిందనుకోండి: ఒకరు విమానం నడుపుతారు, రెండోవారు చెక్‌లిస్టు చదువుతారు. ఎ ఫ్లైట్ కంట్రోల్ స్విచ్ స్టాండ్‌బై రడ్డర్‌కి (రడ్డర్ అంటే తోక మీద కదిలే నిలువు పలక), ఎ పంపులు రెండూ ఆఫ్, ముందుచక్రం తిప్పే స్విచ్ ఆల్టర్నేట్‌కి. ఇక్కడిదాకా ఓ నిమిషం పని. తర్వాతే అసలు లెక్క. గ్రౌండ్ స్పాయిలర్లు (నేల తాకాక రెక్క మీద లేచి వేగం తగ్గించే పలకలు) లేవవు, ఒకటో ఇంజిన్ రివర్సర్ (ఇంజిన్ తోపుని ముందుకు మళ్ళించి ఆపేది) నెమ్మదిగా తెరుచుకుంటుంది, అంటే రన్‌వే ఎక్కువ కావాలి. చక్రాలు చేత్తో దించాలి. కో-పైలట్ సీటు వెనక నేలలో చిన్న మూత, దాని కింద మూడు హ్యాండిళ్ళు. ఒక్కోటి రెండడుగుల దాకా లాగితే లాకు వదులుతుంది, చక్రం తన బరువుకి తానే దిగుతుంది. చివరిది లాగాక 15 సెకన్లు ఆగి, అప్పుడు గేర్ (చక్రాల అమరిక) లీవర్ కిందికి. ఇలా దించినవాటిని మళ్ళీ పైకి లాగడానికి పీడనం ఉండదు. అందుకే తొందరపడి ముందే దించరు. చక్రాలు వేలాడేసుకుని వేరే ఊరు వెళ్ళాలంటే ఇంధనం చాలదు.

బి పోతే కథ వేరు: చక్రాలు మామూలుగానే దిగుతాయి, ఫ్లాపులు (నెమ్మదిగా దిగేందుకు రెక్క వెనక కిందికి చాచే పలకలు) మాత్రం విద్యుత్ మోటారుతో 15వ స్థానం దాకా రావడానికే దాదాపు రెండు నిమిషాలు. రెండూ పోయినా విమానం చేతిలోంచి జారిపోదు. కేబుళ్ళతో లాగి నడపొచ్చు, యోక్ (పైలట్ చేతిలోని స్టీరింగు) చాలా బరువెక్కుతుంది అంతే.

ప్రశ్నించినవారు:
మరి చక్కర్లు ఎందుకు? "ఇంధనం పారబోసి" అని కూడా రాస్తుంటారు.

పైలట్:
737కి ఇంధనం పారబోసే ఏర్పాటే లేదు, కాల్చుకోవాల్సిందే. 737-800 గరిష్ఠంగా 79 టన్నుల దాకా ఎగరగలదు, దిగేటప్పుడు 66 టన్నుల చిల్లర మించకూడదు. గంటకి ఎంత లేదన్నా రెండున్నర టన్నులు తాగుతుంది, చక్రాలు దించి ఉంటే ఇంకా ఎక్కువ. షార్జాకి నింపుకున్న ఇంధనంతో వెంటనే దిగితే వేగం ఎక్కువ, బ్రేకుల మీద భారం ఎక్కువ. నిప్పు, పొగ ఉంటే ఇవేవీ చూడరు, బరువుతోనే దిగేస్తారు. కాబట్టి "గాల్లో నరకం" లాంటి శీర్షికలకంటే "బరువు తగ్గించుకునేందుకు చక్కర్లు" అన్నది నిజం.

ఇంకో అనువాదకురాలు:
"మొత్తం పోయాయి" అనదగ్గ ఘటన 1989 జులై 19ది. డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న యునైటెడ్ 232, డీసీ-10. తోక ఇంజిన్ ఫ్యాన్ డిస్కు పగిలి, ముక్కలు మూడు సిస్టమ్‌ల గొట్టాలనూ కోసేశాయి. కేబుళ్ళతో నడిపే వీలు ఆ విమానంలో లేదు. కెప్టెన్ ఆల్ హేన్స్ బృందం, ప్రయాణికుల్లో ఉన్న శిక్షకుడు డెన్నిస్ ఫిచ్ కలిసి, మిగిలిన రెండు ఇంజిన్ల థ్రాటిళ్ళనే (ఇంజిన్ శక్తిని పెంచే, తగ్గించే లీవర్లు) ఎక్కిస్తూ తగ్గిస్తూ అమెరికాలోని సూ సిటీ దాకా తెచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు. దీనికీ, ఒక సిస్టమ్ పోవడానికీ ఒకే "హైడ్రాలిక్ వైఫల్యం" వాడితే చదివేవాడికి ఏం తెలుస్తుంది?

అయితే "సాంకేతిక లోపం" అన్నదాన్ని మరీ తిట్టక్కర్లేదు. మొదటి గంటలో ఏం పోయిందో రాసేవాడికి తెలియదు. ఊహించి "బెల్లీ ల్యాండింగ్" (చక్రాలు లేకుండా పొట్ట మీద దిగడం) అని వేయడంకన్నా అది మేలు.

నిర్వహణ ఇంజినీరు:
ఒప్పుకున్నా. తెలిశాక మాత్రం ఇలా రాయొచ్చు: "రెండు ప్రధాన హైడ్రాలిక్ సిస్టమ్‌లలో ఒకదాని ద్రవం కారిపోవడంతో పైలట్లు చక్రాలను చేత్తో దించారు." ఇంకోటి, "గేర్ తెరుచుకోలేదు" అని రాయకండి. తెరుచుకునేవి తలుపులు, గేర్ దిగుతుంది. పైగా 737 పెద్ద చక్రాలకి పూర్తిగా మూసే తలుపులే ఉండవు. ఎగిరేటప్పుడు కింద నుంచి చూస్తే టైర్లు బయటికే కనిపిస్తాయి.